ముప్ఫై రెండు ఔన్సుల ట్రిగ్గర్

అమెరికాలో ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ అవతలివాళ్ళ మొహం ఒకసారి చూసుకుని గాని జవాబు చెప్పను. కొందరికి "మెషిన్ షాపులో" అంటాను. కాస్త గుండె గట్టివాళ్ళకు "తుపాకుల రిపేరు" అంటాను. రెండూ నిజమే. అరిజోనాలోని చాండ్లర్‌లో ఒక తుపాకుల దుకాణం వెనకగదిలో, బల్ల ముందు కూర్చుని పదకొండేళ్ళు పనిచేశాను. చక్కగా చేసిన పనులు చాలానే ఉన్నాయి గాని అవేవీ గుర్తులేవు. చెడగొట్టిన పని ఒకటుంది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళకు చెప్పదగ్గది ఆ ఒక్కటే.

దేశంలో ఉన్నప్పుడు నేను ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఫిట్టర్‌ని. మా అక్క ఎప్పుడో పెట్టిన గ్రీన్ కార్డు అర్జీ, దాని సంగతి నేను మరిచిపోయాక, నా భార్య పోయిన మరుసటేడు మంజూరైంది. మాకు పిల్లలు లేరు. "ఒక్కడివీ అక్కడుండి ఏం చేస్తావురా, రా" అంది అక్క. వచ్చాను. ఏడాది తిరక్కుండా వాళ్ళబ్బాయికి ఉద్యోగం మారి, ఆ కుటుంబమంతా న్యూజెర్సీలో పార్సిప్పనీకి వెళ్ళిపోయింది. నాకు అప్పటికే ఈ షాపులో పని కుదిరింది. యాభై దాటిన ఐటీఐ వాడికి దొరికిన పని వదులుకుని మంచులోకి పోవడానికి మనసొప్పలేదు. అలా నేను చాండ్లర్‌లో మిగిలిపోయాను.

మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఎక్కువమంది చిప్పుల ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు. కొత్తలో నన్నూ, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి పిలిచారు. పులిహోర చేసుకుని వెళ్ళాను. ఒక అమ్మాయి ఆప్యాయంగా పలకరించింది.

"అంకుల్, మీరు ఏ కంపెనీ? ఫ్యాబ్ సైడా, డిజైన్ సైడా?"

"గన్ షాపులోనమ్మా."

"ఓ... సేల్సా?"

"కాదమ్మా, రిపేరు."

"ఓ, నైస్" అంది. కాసేపయ్యాక నా ఒళ్ళో కూర్చుని ఆడుకుంటున్న తన పాపను వచ్చి ఎత్తుకుపోయింది. "డయపర్ చేంజ్ చేయాలి అంకుల్" అంది. ఆ పాపకు నాలుగేళ్ళుంటాయి. నా మనసుకు తగలకూడదనే అలా అందని తెలుసు, అయినా తగిలింది. అదే సాయంత్రం వరంగల్ కుర్రాడొకడు మాత్రం మెరిసే కళ్ళతో నా పక్కన చేరాడు. "అంకుల్, ఒక్క ఫొటో దిగుతనే, గన్ పట్కొని. ఫ్రెండ్స్‌కి పంపాలె" అన్నాడు. నీది ఏ వీసా అని అడిగాను. హెచ్ వన్ అన్నాడు. "అయితే దాన్ని ముట్టుకోకు నాయనా. ఆ వీసా మీద తుపాకీ పట్టడమే నేరం. ఫొటో ఇక్కడుంటుంది, నువ్వు ఇంటికి పోతావు" అన్నాను. ఆ తర్వాత అతనూ నా పక్కన చేరలేదు.

ఇక షాపు. యజమాని అరవై దాటిన మనిషి, ఓడల్లో పనిచేసి వచ్చాడు. నా పేరు ఆయనకు నోరు తిరగక "బడ్డీ" అనేవాడు. కౌంటర్ దగ్గర మాటలన్నీ ఆయనవి, వెనకగదిలో పనంతా నాది. నా ఇంగ్లీషు ఫ్యాక్టరీ ఇంగ్లీషు. పనిముట్ల పేర్లన్నీ వచ్చు, మనుషులతో మాట్లాడే ముక్కలే రావు. అందుకని ఆ ఏర్పాటు నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. తుపాకీ లోపలికి వచ్చేటప్పుడు దానికి దారంతో ఒక అట్టచీటీ కట్టి ఉండేది. ఏం చేయాలో దాని మీద రాసి ఉండేది. చీటీ చదివి పని చేసేవాణ్ణి, తీసుకుపోయేవాళ్ళు ఎవరో నాకు తెలిసేది కాదు. కొన్నిసార్లు రోజు మొత్తం మీద నేను నోరు తెరిచి అన్న మాటలు "గుడ్ మార్నింగ్", "గుడ్ నైట్" మాత్రమే.

2007 ప్రాంతంలో ఒక చీటీ వచ్చింది. "ట్రిగ్గర్ బాగుచేయాలి. రూల్ ఒప్పుకున్నంత తేలిక."

పిస్టల్ పాతది, ఎవరో వాడి అమ్మేసింది. పాయింట్ ట్వంటీ టూ, గురిపోటీలకు వాడే రకం. మా షాపులోనే కొన్నారు. ఎందుకో ఆ ఒక్కసారి యజమాని చీటీతో ఊరుకోకుండా వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు. కొన్నావిడ డెబ్బై దాటిన టీచరమ్మ. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైంది. ఒంటరి మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి బుధవారం షూటింగ్ క్లబ్బుకు వెళ్తుంది. క్లబ్బు జట్టులో నలుగురుంటారు, ఆవిడ నాలుగో మనిషి. వేళ్ళ కణుపులు వాచిపోయి, ఇన్నాళ్ళూ వాడిన పిస్టల్ ట్రిగ్గర్ లాగలేక మార్కులు పడిపోతున్నాయి. వసంతంలో జరిగే రాష్ట్ర పోటీలో కూడా ఇలాగే అయితే ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేస్తారు.

"ఆవిడకు ఆ బుధవారం తప్ప ఇంకేం లేదు బడ్డీ" అన్నాడు యజమాని.

ఆ మాట నాకు సూటిగా గుచ్చుకుంది. నాకు బుధవారం కూడా లేదు మరి.

ఆ పోటీల్లో ఒక రూలుంది. గురికి ముందు ప్రతి పిస్టల్‌నూ నిలబెట్టి పట్టుకుని, ట్రిగ్గర్‌కి రెండు పౌండ్ల బరువు తగిలించి పైకి లేపుతారు. రెండు పౌండ్లంటే ముప్ఫై రెండు ఔన్సులు. ట్రిగ్గర్ ఆ బరువును మోయాలి. మోయలేక టిక్కుమని వదిలేసిందంటే ఆ పిస్టల్ పనికిరాదు. మరీ తేలిక ట్రిగ్గర్ మనిషి అనుకోకముందే పేలుతుంది కాబట్టి ఆ కట్టడి.

విప్పి చూస్తే లోపల ఒకదాన్నొకటి పట్టి ఉంచే రెండు ఉక్కు ముక్కల మీద ఎవరో ఆకురాయితో అడ్డదిడ్డంగా గీకిన గుర్తులున్నాయి. లాగుతుంటే ఇసకలో చెప్పు ఈడ్చినట్టు ఉంది. భూతద్దం పెట్టుకుని, నూనె రాయి మీద మూడు రోజులు కూర్చున్నాను. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ రాయను. నేర్చుకోవాలంటే గురువు పక్కన కూర్చోవాలి, చదివి చేసేది కాదు. మూడో రోజు సాయంత్రం ట్రిగ్గర్‌కి చేతి ముల్లుకాటా తగిలించి, ఎన్ని ఔన్సులకు వదులుతుందో చూశాను. ముప్ఫై రెండు. పదిసార్లు చూశాను. పదిసార్లూ ముల్లు అక్కడే ఆగింది.

ఎంత మురిసిపోయానో చెప్పలేను. కర్మాగారంలో మా మేస్త్రి, గీత మీద కొట్టినవాణ్ణే ఫిట్టర్ అనేవాడు. గీతకు ఇవతల ఆగినవాణ్ణి పిరికివాడనేవాడు. యజమాని వచ్చి ముల్లు చూశాడు.

"అద్భుతం. కానీ మూడు ఔన్సులు పైన ఉంచు. వాడేకొద్దీ లోహం సర్దుకుని ఇంకా తేలికవుతుంది."

నేను తలూపాను.

తలూపడం మా తరం జబ్బు. పెద్దవాళ్ళు చెప్పినదానికి ఎదురు చెప్పం, తలూపుతాం, తర్వాత మనకు తోచిందే చేస్తాం. లోహం సంగతి నాకు చెప్పేదేమిటి, ఇరవై రెండేళ్ళు దాంతోనే కాపురం చేశాను అనుకున్నాను. ఒక సీజన్‌లో వేసే నాలుగైదు వందల తూటాలకు అంత నున్నగా దిద్దిన ముక్క ఎక్కడికీ కదలదని లెక్క కట్టుకున్నాను. పైగా ఆ వాచిన వేళ్ళకు మూడు ఔన్సులు ఎందుకు బరువు చేయాలి? పిస్టల్‌ను ముప్ఫై రెండు దగ్గరే ఉంచి బిగించేశాను.

టీచరమ్మ వచ్చిన రోజు తలుపులోని చిన్న అద్దంలోంచి చూశాను. పొట్టి మనిషి, తెల్లని పొట్టి జుట్టు. ఖాళీ పిస్టల్‌ను గోడవైపు పట్టుకుని ట్రిగ్గర్ లాగింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి లాగింది. మొహమంతా నవ్వు పరుచుకుంది. ఎవరు చేశారో చూడాలి, థాంక్స్ చెప్పాలి అంటోంది. యజమాని నన్ను పిలిచాడు. నేను చటుక్కున సాన మోటారు స్విచ్ వేసి, వినపడనట్టు కూర్చున్నాను. ఆవిడ కాసేపు చూసి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత రాష్ట్ర పోటీ. శనివారం. "నీ పని ఎక్కడికి పోతుందో ఒక్కసారైనా చూసిరా" అని యజమాని సెలవిచ్చాడు. ఎడారిలో నలభై మైళ్ళు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. రేకుల పందిరి, దాని కింద పొడుగ్గా బల్లలు, ఎదురుగా మట్టి గుట్ట. నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నీళ్ళ పీపాల దగ్గర నిలబడ్డాను.

టీచరమ్మ జట్టు వంతు వచ్చింది. రెఫరీ ఆవిడ పిస్టల్ నిలబెట్టి పట్టుకుని, బరువు తగిలించి, మెల్లగా లేపాడు. బరువు పూర్తిగా నేల వదలకముందే టిక్కుమంది.

రూలు ప్రకారం మూడు అవకాశాలిస్తారు. రెండోసారీ టిక్కుమంది. మూడోసారి లేపేటప్పుడు పందిరి కింద ఎవరూ మాట్లాడలేదు, అందుకని ఆ టిక్కు నా దాకా స్పష్టంగా వినిపించింది. రెఫరీ ఏదో మెల్లగా చెప్పాడు. ఆవిడ తలాడించింది. జట్టులో మిగతా ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నలుగురు లేకపోతే జట్టు లేదు. వాళ్ళ పోటీ కూడా అక్కడితో సరి. ఆవిడ ఒక్కతే బల్ల దగ్గర నిలబడి, పిస్టల్‌నూ చెవులకు పెట్టుకునే మఫ్‌లనూ పెట్టెలో సర్దుకుంది. ఆ వాచిన వేళ్ళతో పెట్టె గొళ్ళెం ఒక పట్టాన పడలేదు.

వెళ్ళి "తప్పు ఆవిడది కాదు, నాది" అని చెప్పాలి. ముప్ఫై అడుగుల దూరం. ఇంగ్లీషులో మూడు మాటలు. నేను పీపా వెనక్కి జరిగాను. ఆవిడ తలెత్తి ఒకసారి ఇటు చూసినట్టనిపించింది. కారెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. పనికిమాలినవాడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందట, అలా ఉంది నా పని అన్నాను. జరిగిందంతా చెప్పాను.

"ఆవిడేమందిరా?" అంది అక్క.

"నేను మాట్లాడలేదే."

"ఒక్క మాటా?"

"లేదు."

"మరి అంత దూరం ఎందుకెళ్ళావురా నాయనా?"

అక్క స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేసింది. నేను మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నేను దిగులుపడి చాలా ఏళ్ళయిందనుకునేవాణ్ణి. అది దిగులుకు అలవాటుపడటమని ఆ పూట తెలిసింది.

సోమవారం యజమాని అరవలేదు. "మూడు ఔన్సులు చెప్పాను. తలూపావు కదా?" అన్నాడు.

"ఊపాను సార్."

"ఇంకోసారి తల ఊపొద్దు. నా మాట తప్పనిపిస్తే తప్పని చెప్పు. పోట్లాడుకుందాం" అన్నాడు. దేశంలోగాని, ఇక్కడగాని, నాతో ఏ పై అధికారీ అన్న మాట కాదది.

గురువారం టీచరమ్మ పెట్టె పట్టుకుని వచ్చింది. యజమాని నన్ను పిలవలేదు. నేనే చేతులు తుడుచుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాను. రాత్రంతా కూడబలుక్కున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

"తప్పు నాది మేడమ్. సార్ పైన ఉంచమన్నారు. నేను ఉంచలేదు. గర్వం" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "శనివారం నీళ్ళ పీపాల వెనక నిలబడింది మీరేనా?"

"నేనే."

"వచ్చి నా పక్కన నిలబడి ఉంటే బాగుండేది. మ్యాచ్ పోయిందని కాదు, మ్యాచ్‌లు పోతుంటాయి. అంతమంది చూస్తుండగా పెట్టె ఒక్కదాన్నే సర్దుకోవడం కష్టమైంది నాకు."

కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అందుకే ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవిలోనే ఉంది.

ముల్లుకాటా తెచ్చి తూచాను. ముప్ఫై. రెండు ఔన్సులు తగ్గింది. మూడు వారాల్లో ఎన్ని తూటాలు కాల్చారని అడిగాను. రెండు వందలు కూడా ఉండవంది. నాకు అంతుపట్టలేదు. రెండు వందలకు అంత తగ్గదు. అప్పుడు అడిగాను, మొదటే అడగాల్సిన ప్రశ్న.

"ఇంట్లో ప్రాక్టీసు ఎలా చేస్తారు మేడమ్?"

"రోజూ సాయంత్రం. ఖాళీ పిస్టల్‌తో. లోపల దెబ్బ తినకుండా మందు లేని ఉత్తి తూటా పెట్టుకుంటాను. గోడ మీద నల్లచుక్క ఒకటి అతికించాను. టీవీలో వార్తలు వస్తుంటే దాన్ని గురిచూసి నొక్కుతుంటాను. ఒక మూడు వందల సార్లేమో."

"రోజూ మూడు వందలా?"

"ఇంతకుముందు పాత పిస్టల్‌తో యాభైకే వేలు నొప్పెట్టేది. మీరు చేసింది ఎంత బాగుందంటే ఆపబుద్ధి కాలేదు." పెట్టె గొళ్ళెం సవరిస్తూ, "ఆ టిక్కు లేకపోతే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది" అంది.

రోజుకు మూడు వందలు, మూడు వారాలు. ఆరు వేల పైమాటే. లోహం ఆరు వేల సార్లు రాసుకుంటే ఎందుకు సర్దుకోదు? నేను ఉక్కును లెక్క కట్టాను గాని ఆవిడ సాయంత్రాలను లెక్క కట్టలేదు. నా సాయంత్రాలూ అలాంటివే. ఫ్రిజ్ మోటారు ఆగితే ఉలిక్కిపడి చూసేవాణ్ణి. సాన మోటారు వేసుకుని దాక్కోకుండా, ఆ రోజే బయటికొచ్చి ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం అడగం.

అరిగిన ముక్క తీసేసి, అంతకన్నా గట్టి ఉక్కుతో చేసిన కొత్తది అమర్చాను. ఈసారి ఆవిణ్ణి బల్ల పక్కన కూర్చోబెట్టి, వేలు ఎంత బరువుకు నొప్పిపెడుతుందో చూసుకుంటూ దిద్దాను. ముప్ఫై ఆరు దగ్గర ఇద్దరికీ కుదిరింది. చీటీ మీద "36" అని రాసి, మూడు నెలలకోసారి తెమ్మన్నాను. ఆలోపే జట్టులో ఆవిడ చోటు ఒక నడివయసాయనకు ఇచ్చేశారు. ఆవిడ బుధవారాలు వెళ్ళి ఒక చివర విడిగా కాలుస్తోంది. నా మూలంగానే అలా అయింది. దాన్ని ఏ నూనె రాయీ సరిచేయదు.

మూడు నెలలకు వచ్చింది. ముప్ఫై అయిదున్నర. మళ్ళీ వచ్చింది. ముప్ఫై అయిదు. ఆ తర్వాత ముప్ఫై నాలుగున్నర. ప్రతిసారీ అర ఔన్సు. అన్నీ ఒకే చీటీ మీద ఒకదాని కింద ఒకటి రాసేవాణ్ణి. ఆ కాసేపూ కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. నా ఇంగ్లీషు వాక్యాలను ఆవిడ చిన్నపిల్లాడికి దిద్దినట్టు దిద్దేది. యజమాని నవ్వుకుంటూ పక్కకు పోయేవాడు.

తర్వాతిసారి రావడం ఆలస్యమైంది. వచ్చినప్పుడు తూచాను. ముప్ఫై నాలుగున్నర. ముల్లుకాటా పట్టేసిందేమోనని ఇంకొకటి తెచ్చి తూచాను. అదే. అంటే ఇన్ని నెలలుగా ఇంట్లో టిక్కు లేదన్నమాట. తలెత్తి షాపు ముందరి అద్దంలోంచి వీధిలోకి చూశాను. ఆవిడ కారు లేదు. టాక్సీ ఒకటి ఆగి ఉంది.

మునుపటి నేనైతే అంకె రాసి పంపించేసేవాణ్ణి.

"మేడమ్, ఎందుకు ఆపేశారు?"

ఆవిడ కుడి కాలు చూపించింది. కుడి మోకాలికి ఆపరేషన్ అయిందట. సరిగ్గా కుదరలేదు. బ్రేకు తొక్కే బలం లేదు, కారు నడపొద్దన్నారు. క్లబ్బు ఇరవై మైళ్ళు. ప్రతి వారం టాక్సీలో అంత దూరం పోలేను కదా అంది. "వెళ్ళే చోటు లేనప్పుడు ప్రాక్టీసు ఎందుకు? ఇవాళ తూచడానికి రాలేదు. అమ్మకానికి పెట్టమని వచ్చాను."

యజమాని అమ్మకం చీటీ తీశాడు. నేను పిస్టల్ మీద చెయ్యి తీయలేదు.

"బుధవారం నాకు సెలవు. నేను తీసుకెళ్తాను" అన్నాను.

నాకు బుధవారం సెలవు లేదు. ఆ మాట యజమానికి బాగా తెలుసు. నావైపు చూశాడు. ఈసారి తల ఊపే వంతు ఆయనది.

అలా నాకూ ఒక బుధవారం వచ్చింది. కారులో ఆవిడ పాఠం, క్లబ్బులో ఎత్తు స్టూలు మీద ఆవిడ గురి, వెనక బెంచీ మీద నేను, నా పులిహోర డబ్బా. ఆ క్లబ్బువాళ్ళకు పులిహోర అలవాటు చేసింది నేనే. ఇళ్ళ ధరలు కూలిపోయిన ఆ రోజుల్లో జట్టులో కొత్తగా చేరినాయన ఊరొదిలి వెళ్ళిపోయాడు. నాలుగో చోటు మళ్ళీ ఆవిడకిచ్చారు. ఆ వసంతంలో రెఫరీ ఆవిడ పిస్టల్‌కి బరువు తగిలించినప్పుడు నేను పీపాల దగ్గర లేను, ఆవిడ భుజం పక్కనే ఉన్నాను. బరువు నేల వదిలి, గాల్లో అటూ ఇటూ ఊగింది. టిక్కు వినపడలేదు. ఆ జట్టు పోటీలో ఎన్నో స్థానంలో నిలిచిందో కూడా నాకు గుర్తులేదు. పెట్టె మాత్రం ఇద్దరం కలిసి సర్దాం.

ఇప్పుడు ఆ షాపు లేదు. బల్ల మీద సామానంతా పంచేసి, ఆ అట్టచీటీ ఒక్కటి తెచ్చుకున్నాను. ముప్ఫై నాలుగున్నర రెండుసార్లు ఉంటుంది. దాని కింద ముప్ఫై నాలుగు, ముప్ఫై మూడున్నర, ముప్ఫై మూడు. ఒక వస్తువు అరిగిపోతుంటే సంతోషించిన ఫిట్టర్‌ని నేనొక్కణ్ణే అయ్యుంటాను. దాని కింద మళ్ళీ ముప్ఫై మూడు ఉంది. ఆసారి పిస్టల్‌ను అమ్మకానికి తెచ్చింది ఆవిడ మేనకోడలు. అలవాటు కొద్దీ తూచి, అంకె రాశాను. ఎందుకు ఆగిందని అడగలేదు.